ఆరుద్ర కార్తెలో పుట్టింటికి

అమెరికా నుంచి వచ్చిన ఆడపడుచును మా జనగామలో రెండే ప్రశ్నలు అడుగుతారు. "ఎప్పుడు వచ్చినవ్?" అన్నది మొదటిది. దానికి జవాబు పూర్తికాకముందే రెండోది, "మళ్ళ ఎప్పుడు పోతవ్?" పాపం, వాళ్ళు నన్ను పొమ్మనడం లేదు. పదిహేనేళ్ళుగా చూస్తున్నారు గనక, ఈవిడ వచ్చిందంటే పోవడానికే వచ్చిందని వాళ్ళకు తెలుసు.

2025 జూన్ నెలాఖరున నేనూ, పదకొండేళ్ళ మావాడూ న్యూజెర్సీ నుంచి వచ్చి జనగామలో దిగాం. మావారికి సెలవు దొరకలేదు. నాకు దొరికింది సరిగ్గా పదహారు రోజులు. అందులో రానూపోనూ ప్రయాణాలకు నాలుగు రోజులు పోగా, నిద్ర తలకిందులై రాత్రి మెలకువగానూ పగలు మత్తుగానూ గడిచేవి ఇంకో మూడు. మిగిలిన తొమ్మిది రోజుల్లో చుట్టాల పరామర్శలు, పెళ్ళికి రాలేకపోయినందుకు క్షమాపణలు, చావుకు రాలేకపోయినందుకు కన్నీళ్ళు, ఇవన్నీ ముగించుకోవాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళ సెలవంటే ఏదో విలాసం అనుకుంటారు గాని, అది సంవత్సరాంతపు లెక్కల పద్దు వంటిది సుమండీ!

ఈసారి వాటన్నిటికీ తోడు ఇంకొక పని పెట్టుకుని వచ్చాను. మా బాపును మాతో తీసుకుపోవాలి.

బాపుకు డెబ్భై అయిదేళ్ళు. ముప్పై ఆరేళ్ళు సర్కారు బళ్ళలో పాఠాలు చెప్పి 2008లో రిటైరయ్యాడు. అమ్మ 2019లో పోయింది. అప్పటినుంచీ జనగామ ఇంట్లో ఒక్కడే. ఫిబ్రవరిలో ఒకనాడు తెల్లవారుఝామున స్నానాలగదిలో కాలు జారి పడ్డాడు. పాలు తెచ్చే ఆవిడ వచ్చి పిలిచేవరకు, సుమారు గంటసేపు, అక్కడే ఉండిపోయాడు. ఎముకలేమీ విరగలేదు. కాని ఆ సంగతి మానుకోటలో ఉన్న మా అక్కకు నాలుగు రోజుల తరువాత తెలిసింది, నాకు పదకొండు రోజుల తరువాత. మహబూబాబాదని బోర్డుల మీద ఉంటుంది గాని, మా ఇళ్ళల్లో అది మానుకోటే.

ఆ పదకొండు రోజుల్లో నేను బాపుతో అయిదారుసార్లు ఫోనులో మాట్లాడాను. ప్రతిసారీ "మంచిగున్న బిడ్డా" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టేది కాదు.

అక్కా నేనూ ఫోనులోనే కుట్ర పన్నాం. మొదట బాపును ఎటైనా తిప్పి సంతోషపెట్టాలి. ఆ సంతోషంలో ఉండగా అడగాలి. జనగామ ఇల్లు అమ్మివేయడం, వీసా, వైద్యం ఖర్చులు అన్నీ ముందే మాట్లాడుకున్నాం. ఎటు తిప్పాలన్నది మాత్రం మావాడు తేల్చాడు.

వాడికి జంతువుల పిచ్చి. రెండేళ్ళ కిందట ఎల్లోస్టోన్ తీసుకుపోయాం. 1872 నుంచీ కాపాడుతున్న వనం అది. అక్కడ రోడ్డుకు అడ్డంగా బైసన్ల మంద నిలబడితే వందలాది కార్లు నోరెత్తకుండా ఆగిపోయాయి. "మీ ఊళ్ళో ఇట్లాంటివి ఉంటాయా?" అన్నాడు వాడు. "ఎందుకుండవు, మాది అడవుల జిల్లా" అని గొప్పగా చెప్పేశాను. చెప్పాను గాని, నేను పుట్టి పెరిగిన జనగామ మెట్టనేల. తాటిచెట్లు, రాళ్ళగుట్టలు, వాన పడితే నిండే చెరువులు. అడవి మా బాపుది. ఆయన మొదటి ఉద్యోగం 1972లో గూడూరు వైపు ఒక తండా బడిలో. ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు ఆయన చెప్పిన కబుర్లే నా అడవి!

వచ్చిన రెండోనాడు సాయంత్రం వాన పడి వెలిసింది. పెరట్లో ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు బయలుదేరాయి. ఎర్రటి మఖమల్ గుడ్డను గింజల్లా కత్తిరించి చల్లినట్టు ఉంటాయి. చిన్నప్పుడు మేమంతా అగ్గిపెట్టెల్లో పెట్టుకుని బడికి తీసుకుపోయినవాళ్ళమే. బాపు లోపలికి పోయి, ఒక ఖాళీ అగ్గిపెట్టె తెచ్చి, నాలుగు గడ్డిపరకలు పరిచి మనుమడి చేతిలో పెట్టాడు. మావాడు తొమ్మిదింటిని పట్టి, ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని కాళ్ళు లెక్కపెట్టాడు.

"తాతా, ఎనిమిదున్నాయి. ఇది పురుగు కాదు. స్పైడర్‌కు చుట్టం."

"గట్లనా!" అని బాపు కళ్ళద్దాలు సవరించుకుని తాను కూడా లెక్కపెట్టాడు. "అరే, నిజమేరా. డెబ్బయేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడు లెక్కపెట్టకపోతి."

మావాడు అగ్గిపెట్టె మీద తన పేరు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఇక ఆ పెట్టె వాడి జేబు దిగలేదు.

ఆదివారం పొద్దున రైలెక్కాం. రఘునాథపల్లి, ఘనపూర్, కాజీపేట, వరంగల్లు. ఈ దారి నాకు కంఠోపాఠం. కాని ఆ రోజు కిటికీ పక్కన తాతామనుమలు కూర్చుని, నాకు తెలిసిన దారిలోనే తెలియనివన్నీ చూపించుకోసాగారు. టెలిఫోను తీగ మీద పాలపిట్ట. వాడు దుర్భిణీ తీసేలోపల అది ఎగిరి, రెక్కలు విప్పి నీలమంతా ఒక్కసారి చూపించి పోయింది. "గదే మన రాష్ట్ర పక్షి. దసరానాడు దాన్ని చూడనిదే మేం ఇంటికి రాకపోతుంటిమి" అన్నాడు బాపు. నెక్కొండ దాటాక ఒక బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాడి గూళ్ళు ఇరవై దాకా వేలాడుతున్నాయి. మగపిట్ట సగం గూడు అల్లి పిలుస్తుందట, ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూసుకుని, నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే పోతుంది, మగది ఆ సగం గూడు వదిలేసి ఇంకొకటి మొదలుపెడుతుంది. "మీ అమ్మమ్మ గూడ గిట్లనే, మన ఇంటికి మూడుసార్లు వంటింటి గోడ మార్పిచ్చింది" అన్నాడు. నేను కిటికీలోంచి ఇంకా బయటికి చూశాను. ఆ ఇల్లు 1989లో కట్టారు, బాపు అప్పు చేసి, అమ్మ గొలుసు అమ్మి. దాన్ని ఎంతకు అడగవచ్చో పక్కవీధి వాళ్ళను నేను అప్పటికే వాకబు చేసి ఉన్నాను.

మానుకోటలో అక్క స్టేషనుకే వచ్చింది. భోజనాలయ్యాక బావ మమ్మల్ని బయ్యారం చెరువుకు తీసుకుపోయాడు. వానలు అప్పుడే మొదలు గనక చెరువు ఇంకా నిండలేదు. అయినా ఆ కట్ట మీద నిలబడితే, ఆవలి ఒడ్డు మసకలో కలిసిపోయి సముద్రమే అనిపిస్తుంది. నీటికాకులు మొద్దుల మీద రెక్కలు ఆరేసుకుని కూర్చున్నాయి. తీతువు ఒకటి మా తలల మీద అరుచుకుంటూ తిరిగింది. ఎక్కడో దగ్గరలో గుడ్లు పెట్టి ఉంటుంది.

బాపు కట్ట మీదనే పాఠం మొదలుపెట్టాడు. ఇది కాకతీయుల నాటి చెరువు. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ, పదమూడో శతాబ్దంలో తవ్వించింది. వాళ్ళ తల్లి బయ్యమాంబ, ఊరు బయ్యారం. ఇక్కడి శాసనంలో మైలాంబ తన వంశాన్నంతా, వెన్నుని దగ్గర నుంచీ, వరుసగా చెప్పించింది. కాకతీయుల పూర్వీకుల సంగతి చరిత్రకారులు ఈ రాతి మీద చదువుకున్నారు.

"అంటే, ఆమె అన్న రాజు కదా. ఆయన రాయించాలి గదా?" అన్నాడు మావాడు.

"ఆడబిడ్డ రాయించింది. పుట్టింటి ముచ్చట ఆడబిడ్డలకే యాదికుంటది" అన్నాడు బాపు, నీళ్ళ వైపు చూస్తూ.

అక్క నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆ సాయంత్రం అడుగుదామనుకున్నది మర్నాటికి వాయిదా పడింది.

సోమవారం ఒక కారు మాట్లాడుకుని బయలుదేరాం. గూడూరు మండలంలో భీముని పాదం జలపాతం చూసుకుని, నర్సంపేట, ములుగు మీదుగా భూపాలపల్లి పోయి, అక్కడ మా చిన్నమ్మ ఇంట్లో పండుకోవాలని ఏర్పాటు. రోడ్డు దిగి సీతానగరం వైపు మళ్ళగానే అడవి మొదలయింది. టేకు ఆకులు ఏనుగు చెవులంత ఉన్నాయి. వెదురుపొదల కింద చీకటి. మావాడు దోమలమందు పూసుకుని, నీళ్ళసీసా తగిలించుకుని, దండయాత్రకు పోయేవాడిలా ముందు నడిచాడు.

జలపాతం మాత్రం మమ్మల్ని దగా చేసింది. డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకుతుందని నేను వాడికి న్యూజెర్సీలో చెప్పి ఉన్నాను. దూకే కాలం ఇంకా రాలేదు. బండ మీద నుంచి నీరు ఆడపిల్ల జడపోగులా సన్నగా జారుతోంది. కింద మడుగులో నాలుగు కప్పలు. "వాటర్‌ఫాల్ ఎక్కడమ్మా?" అన్నాడు వాడు, అమాయకంగానే. మరి ఎక్కడని చూపించను! ఆగస్టులో వస్తే అది ఉంటుంది. ఆగస్టులో మేం ఉండం.

అక్కడికి మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దమనిషి బాపును చూసి నిలబడిపోయాడు. కాసేపు అట్లా చూసి, "సారూ, మీరేనా?" అన్నాడు. బాపు ఆయన ముఖం చూసి, పేరు చెప్పలేక తడుముకుని, గబుక్కున లంబాడీ భాషలోకి దిగిపోయాడు. ఇద్దరూ ఒక బండ మీద కూర్చున్నారు. ఒకటో తరగతిలో పలకా బలపం ఇచ్చిన పిల్లవాడట. ఇప్పుడు వాడికే మనుమలు. పావుగంటసేపు మాకు ఒక్క ముక్క అర్థంకాలేదు. మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. "తాతకు ఇంకొక లాంగ్వేజ్ వచ్చా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. నాకూ చెప్పలేదు. ఆదివారం కబుర్లలో పులి అడుగులు ఉండేవి, ఎలుగుబంటి ఉండేది. ఈ భాష ఉండేది కాదు. అయిదేళ్ళు ఆ తండాలో ఉన్న మనిషికి రాదని మేమెలా అనుకున్నాం? అడగనే లేదు.

తిరిగి కారు ఎక్కబోతూ వాడు అగ్గిపెట్టె తెరిచాడు. తొమ్మిదింట్లో రెండు కదలడం లేదు. వాడి ముఖం వాడిపోయింది. "ఇక్కడ గడ్డి బాగుంది. ఇక్కడ వదిలేస్తా" అన్నాడు.

"వద్దురా పిలగా" అన్నాడు బాపు. "ఏడ పట్టినమో ఆడ్నే ఇడువాలె. రేపటికి ఇంటికి పోతం గద. మూత కొంచెం తీసిపెట్టు, కొంచెం తడిమట్టి ఏద్దాం."

నర్సంపేట దాటేసరికి ముసురు పట్టింది. పాకాల అడవి కుడిచేతి వైపు నల్లగా ఉండిపోయింది. ములుగులో చాయ తాగుతుంటే డ్రైవరు తాడ్వాయి సంగతి చెప్పాడు. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి ఒక్క పూటలో యాభై వేలకు పైగా చెట్లు కూలిన చోటు. పత్రికల్లో నేను అక్కడే చదివాను, మావాడికి బొమ్మలు కూడా చూపించాను. డ్రైవరు మాత్రం ఆ మర్నాడు వెళ్ళి కళ్ళారా చూశాడట. "కోడిపిల్ల అరుపు గూడ లేదు సార్, అంత సప్పుడు లేకుండ ఉండె" అన్నాడు.

ఘనపురంలో కోటగుళ్ళ దగ్గర వాన పెద్దదయింది. చుట్టూ మట్టికోట, మధ్యన గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్నగుళ్ళు, మొత్తం ఇరవై రెండంటారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు జనం బస్సుల్లో వస్తున్నారు. దానికి అంత దగ్గరలో ఉన్న ఈ గుళ్ళ దగ్గర ఆ పూట మేమే. మావాడు ఏనుగు మీదెక్కిన గజకేసరి విగ్రహాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మేం ముగ్గురం మండపంలో స్తంభాలకు ఆనుకుని కూర్చున్నాం. ఇంతకంటే మంచి సమయం దొరకదని నేను అడిగేశాను.

బాపు వెంటనే జవాబు చెప్పలేదు. వాన చూస్తూ నవ్వాడు.

"నువ్వు అడుగుతవని నిన్ననే ఎరుకైంది బిడ్డా. అక్క నాకు చాయల చక్కెర ఏసింది. మూడేండ్ల సంది ఏస్తలేదు."

"నవ్వులాట కాదు బాపూ."

"కాదు. నేను 2017ల వచ్చిన గద. ఆరు నెలల వీసకు ఐదు నెలలున్న. నన్ను మంచిగ చూసుకున్నరు, అండ్ల అబద్ధం లేదు. పొద్దుగాల మీరిద్దరు కొలువుకు పోదురు, పిలగాడు బడికి పోవు. నేను తలుపు తీసి నిలబడితె ఎదురింటాయన చెయ్యి ఊపు. నేను గూడ ఊపుదు. ఐదు నెలలు గంతే. ఈడ నేను సారును. ఆడ ఎవ్వరికి ఏం గాను."

"మరి నువ్వు గంటసేపు నేలమీద పడి ఉంటే, ఇక్కడ నువ్వు ఎవరికి సారువు?" అన్నాను. ఆ మాట అట్లా అనకూడదు. అనేశాను. "ప్రతిసారీ మంచిగున్నానని చెప్పావు. పదకొండు రోజులు! ఇప్పుడు నువ్వు నిజంగా బాగున్నానన్నా నాకు నమ్మకం కుదరడం లేదు."

అక్క కళ్ళు తుడుచుకుంటూ, "చెల్లె అంత దూరం వద్దనుకుంటే, మా ఇంటికన్న రా" అంది. అల్లుడి ఇంట్లో ఎన్నాళ్ళుంటానని ఆయన, అల్లుడే రమ్మంటున్నాడని ఆమె, కాసేపు నడిచింది. మధ్యలో ఇల్లు అమ్మే మాట వచ్చింది. "పాలకుర్తి అయిలమ్మ నాలుగెకరాలు దొరకు ఇయ్యలె. నా నూటాయాభై గజాలు మీకిస్తనా?" అని బాపు నవ్వించబోయాడు గాని మేం నవ్వలేదు.

వాన తగ్గుతుండగా ఆయనే అన్నాడు. "చెప్పకపోవుడు నా తప్పే. చెప్తే నువ్వు ఇమానం ఎక్కుతవ్, నౌకరి పోతదని భయపడ్డ. గట్ల జెయ్యద్దుండె."

నేనూ నిజం చెప్పాలి. బాపును తీసుకుపోవాలన్న పట్టుదలలో సగం ఆయన కోసం, సగం నా నిద్ర కోసం. అర్ధరాత్రి ఫోను మోగితే గుండె ఝల్లుమనకుండా ఉండాలని. పరదేశంలో ఉన్నవాళ్ళందరికీ ఈ జబ్బు ఉంది. ఎవరూ పైకి చెప్పుకోరు.

ఆ రాత్రి భూపాలపల్లిలో చిన్నమ్మ చేతి జొన్నరొట్టె, పచ్చిపులుసు. సింగరేణిలో పనిచేసి రిటైరయిన చిన్నాయన మావాడికి బొగ్గు ఎట్లా పుడుతుందో చెప్పాడు. ఈ గనుల మీద కూడా ఒకప్పుడు అడవే ఉండేదని విని వాడు చాలాసేపు మాట్లాడలేదు. అడవి చూపిస్తానని తీసుకొచ్చాను గాని, చేల్పూరు విద్యుత్కేంద్రం పొగగొట్టం కూడా ఈ జిల్లాదే గదా. దాన్ని దాచి ఏం లాభం!

మంగళవారం తిరుగుదారిలో రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఎక్కాం. 1990లో పురావస్తుశాఖ వాళ్ళు అక్కడి చిత్రాలను వెలుగులోకి తెచ్చారు. ఇసుకరాతి గోడలు, పుస్తకాలు పేర్చినట్టు పొరలు పొరలుగా. మేకల బండ, తుపాకుల గుండు, ఇట్లా ఒక్కొక్క గుహకు ఒక్కొక్క పేరు. బాపు మోకాళ్ళ నొప్పుల వల్ల కిందనే ఉంటాననుకున్నాం. ఒక చేత కర్రా, ఒక చేత మనుమడి భుజం పట్టుకుని వచ్చేశాడు.

ఒక చరియ కింద మావాడు కేక పెట్టాడు. "బైసన్!"

నిజమే. ఎర్రరంగుతో, మూపు ఎత్తి, కొమ్ములు వంచి నిలబడ్డ అడవిదున్న. వేల ఏళ్ళ కిందటి వేటగాడు ఎవరో చూసి వేసినది. వాడు దుర్భిణీ పక్కన పెట్టి, రాతికి ముక్కు ఆనించేటంత దగ్గరికి పోయి, ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. పులి అడుగులు కనబడ్డాయన్న వార్త ఈ అడవుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంటుంది. మా మూడు రోజుల్లో మాకు దొరికిన పెద్దజంతువు మాత్రం ఆ గోడ మీదిదే. వాడు దాన్ని తన పుస్తకంలో రాసుకున్నాడు. తేదీ వేసి, "తాతతో" అని తెలుగులో రాశాడు. త వత్తు మరిచిపోయాడనుకుని దిద్దబోతే, బాపు నా చెయ్యి పట్టి ఆపాడు. చూస్తే సరిగానే రాశాడు. ఆ మాటకు వత్తే లేదు.

పరకాల, హనుమకొండ మీదుగా చీకటిపడే వేళకు జనగామ చేరాం. ఇంట్లో దీపం వేయకముందే వాడు పెరట్లోకి పరుగెత్తి అగ్గిపెట్టె తెరిచాడు. ఏడు బతికి ఉన్నాయి. అవి కాసేపు కదలకుండా ఉండి, ఒక్కొక్కటే మట్టిలోకి జరిగిపోయాయి. పెట్టెను వాడు కిటికీగూట్లో పెట్టాడు.

నేను బయలుదేరే ముందురోజు బాపే ఒక దారి చెప్పాడు. ముందర అర్ర ఖాళీగానే ఉంది గదా, ఎవరైనా చిన్న సంసారం ఉన్నవాళ్ళను అద్దెకు పెట్టుకుంటాడట. అద్దె మాట తరువాత, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి పలకరిస్తే చాలు. స్నానాలగదికి పట్టుకునే కడ్డీలు వేయించుకోవడానికీ ఒప్పుకున్నాడు. ఇకమీద ఏది జరిగినా అదే రోజు నాకు చెప్పాలని మావాడి తలమీద చెయ్యి పెట్టించాను. ఇది చాలునా అంటే చాలదు. విమానంలో అక్కకు రాసిన ఉత్తరం నిండా అదే.

ఆగస్టులో భార్యాభర్తలూ, నాలుగేళ్ళ పిల్లా దిగారు. బాపు మాట నిలబెట్టుకున్నాడు, కొంచెం ఎక్కువగానే. పదకొండు రోజులు దాచిన మనిషి తుమ్మినా ఫోను చేస్తున్నాడు. వేళ లెక్క మాత్రం ఇప్పటికీ తప్పుతూనే ఉంటాడు. వాళ్ళు దిగిన వారంలోనే ఒక రాత్రి రెండున్నరకు ఫోను మోగింది. అక్కడ మిట్టమధ్యాహ్నం. మావారు దిగ్గున లేచి దీపం వేశారు. నాకు నోట మాట రాలేదు.

"ఏం లేదు బిడ్డా," అన్నాడు బాపు. "ముందరింటి పిల్ల గూట్లున్న అగ్గిపెట్టె కావాలంటున్నది. దాని మీద పిలగాని పేరున్నది గద. ఇయ్యాల్నా, వద్దా? వాన్ని లేపి అడుగు."